గుజ్జు డబ్బాలో కూత

బంగారుపాళ్యం బస్టాండుకు ఎదురుగా ఉన్న రేడియో షాపు బోర్డు మీద ఆదిమూలం పేరే ఉండేది గాని, లోపల కూర్చుని రేడియోలు బాగుచేసేది ఆయన కూతురు శకుంతలమ్మ. కొత్తవాళ్లు గుమ్మంలో నిలబడి, "ఆదిమూలం లేడా?" అని అడిగేవాళ్లు. "చెడింది రేడియోనా, మా నాయనా?" అని ఆమె తలెత్తకుండానే ఎదురడిగేది. దాంతో సగం మంది నోరు మూసుకుని రేడియో బల్ల మీద పెట్టేవాళ్లు. మిగతా సగం మంది వెనక్కి తిరిగి చిత్తూరు బస్సెక్కేవాళ్లు. పోయేవాళ్లని ఆమె ఒక్కనాడూ పిలవలేదు.

ఆదిమూలం ఇరవై ఏళ్లు మిలిటరీలో సిగ్నల్స్ పని చేసి వచ్చినవాడు. పెన్షనుతో బాటు చేతిలో విద్య కూడా తెచ్చుకున్నాడు. షాపు పెట్టిన పదేళ్లకు ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే లెడ్ చుక్క ఒకచోట పడబోయి ఇంకోచోట పడేది. అప్పటినుంచి ఆయన చెప్పడం, కూతురు చేయడం. కొన్నాళ్లకు చెప్పడం కూడా అక్కర్లేకపోయింది. మధ్యలో ఆమెకు పలమనేరులో పెళ్లి చేశారు. ఆరునెలలకే తిరిగొచ్చేసింది. ఎందుకని ఎవరైనా అడిగితే, కాలుతున్న ఐరన్ చేతిలో పట్టుకునే వాళ్లవైపు తిరిగేది. ఇక ఎవరూ అడగలేదు.

ఈ సంగతి జరిగేనాటికి ఆమెకు ముప్పై అయిదేళ్లు. పంతొమ్మిది వందల ఎనభై మూడు, మామిడికాయల కాలం. హైవే పొడుగునా కాయల లారీలు. గుజ్జు ఫ్యాక్టరీల దగ్గరికి వచ్చేసరికి గాలి అంతా పులిసిన తీపి వాసన. అట్లాంటి ఒక ఫ్యాక్టరీ మేనేజరు సుందరరాజు ఒక పూట షాపుకొచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా. శకుంతలమ్మను దాటుకుని, వెనక కుర్చీలో కూర్చున్న ఆదిమూలంతో మాట్లాడాడు.

"పెద్దాయనా, మా ఫ్యాక్టరీ వెనక గోడ దూకి డబ్బాలు ఎత్తుకుపోతా ఉండారు. ఆ దోవన మనిషి నడిస్తే నా రూములో తెలవాల. వైరు లాగి గంట పెట్టినాం. లారీలు తిరిగే జాగా గదా, వారానికి రెండుసార్లు తెంచేస్తా ఉండారు. వైరు లేకుండా చేయలేవా?"

"వైరు లేకుండా అంటే గాల్లో పంపల్ల సార్," అన్నాడు ఆదిమూలం. "ట్రాన్స్‌మిటర్ కావాల. దానికి సర్కారు లైసెన్సు లేకుండా చేయకూడదు."

"అదంతా మా కంపెనీ చూసుకుంటాది."

"చేయొచ్చు," అంది శకుంతలమ్మ. "అడ్డంగా ఒక సన్న వెలుతురు పెట్టి, మనిషి దాన్ని దాటితే ట్రాన్స్‌మిటర్ కూసేటట్టు చేయొచ్చు. మీ రూములో మామూలు రేడియో ఉంటే సాలు."

సుందరరాజు అప్పుడు మొదటిసారి ఆమెను చూశాడు. చూసి, మళ్లీ ఆదిమూలం వైపే తిరిగాడు. "ఈ యమ్మకు ఇవన్నీ తెలుసా? నువ్వే దగ్గరుండి చేయిస్తే బాగుంటాది."

ఆ మాటకు ఆమెకు కోపం అరికాలి నుంచి నెత్తికెక్కింది. ఆ కోపంలోనే, "వారానికి ఇస్తా, వచ్చి తీసుకుపోండి," అనేసింది. లైసెన్సు కాయితం చూపించమని అడగాలి. దొంగలు దూకే గోడ ఎక్కడో పోయి చూడాలి. రెండూ చేయలేదు. ఈ మనిషి ముందు తానేమిటో చూపించాలన్న పంతం ఒక్కటే ఆ పూట ఆమెకు పని చేసింది. తర్వాత తర్వాత ఆమె అన్నిటికంటే ఎక్కువగా తిట్టుకున్నది ఆ ఒక్క మాటకే.

పని మొదలుపెట్టింది. వెలుతురు పడితే ఒకరకంగా, నీడ పడితే ఇంకోరకంగా కరెంటు పారించే బిళ్ళ ఒకటి మద్రాసు నుంచి తెప్పించింది. దాన్ని నల్లరంగు పూసిన చిన్న గొట్టంలో పెట్టి, ఎదురుగా బల్బు పెట్టింది. మధ్యలో చెయ్యి అడ్డం పెడితే రిలే అనే చిన్న స్విచ్చి టక్కుమంది. అదొక రోజు పని. ట్రాన్స్‌మిటర్ ఇంకో రోజు పని. తండ్రి కళ్లు మూసుకుని చెబుతుంటే కాయిలు చుట్టింది. రేడియో ముల్లును ఏ స్టేషనూ రాని కొసకు తిప్పి, స్విచ్చి నొక్కితే "కూ" అని పలికింది.

విడివిడిగా రెండూ బంగారంలా పనిచేశాయి. కలిపితే చెడ్డాయి. చెయ్యి అడ్డం పెడితే కూత మొదలయ్యేది, చెయ్యి తీసినా ఆగేది కాదు. మూడు రోజులు అదే గోల. బిళ్ళ మార్చింది, రిలే మార్చింది, ట్రాన్సిస్టర్లు రెండు కాల్చేసింది. నాలుగో రోజు రేడియో కూస్తుండగానే, "నోరు ముయ్యవే!" అని విసుగ్గా ట్రాన్స్‌మిటర్‌ను బల్ల ఆ చివరికి తోసింది. కూత ఆగింది.

"నాయనా, ఇది దాని కూత అదే వింటా ఉండాది!"

ఆదిమూలం నవ్వాడు. ట్రాన్స్‌మిటర్ గాలిలోకి వదిలేది బయటికే కాదు, పక్కనున్న బిళ్ళ తీగల్లోకీ పోతోంది. అందుకే అది తన్ను తానే రెచ్చగొట్టుకుంటోంది. శకుంతలమ్మ ఒక ఖాళీ గుజ్జు డబ్బా కడిగి, మధ్యలో రేకు అడ్డం పెట్టి, ఒక అరలో వెలుతురు బిళ్ళను, ఇంకో అరలో ట్రాన్స్‌మిటర్‌ను బిగించింది. దేని బ్యాటరీ దానికి పెట్టింది. రేకు దాటే తీగకు రెండు చిన్న కండెన్సర్లు అతికింది. ఇప్పుడు చెయ్యి పెడితే కూసింది, తీస్తే ఆగింది. ఆమె నలభైసార్లు చెయ్యి పెట్టి తీసింది. ఆ వారంలో ఆమె కోపం లేకుండా అన్నం తిన్న రోజు అదొక్కటే.

సుందరరాజు వచ్చి డబ్బా తీసుకుపోయాడు. నేనొచ్చి బిగిస్తానని ఆమె అంటే, లోపల తమ ఎలక్ట్రీషియన్ ఉన్నాడన్నాడు. "ఏరియల్ తీగ రెండు మూరలే పెట్టినాను. ఇంతకంటే పొడుగు వేయొద్దండి. ఆఫీసు దాటి కూత బయటికి పోకూడదు," అని చెప్పింది. ఆయన తలూపాడు.

ఇరవై రోజులు గడిచాయి. ఫ్యాక్టరీకి ఎదురుగా టీకొట్టు నడిపే మునివెంకటప్ప తన రేడియో తెచ్చాడు. కడప స్టేషను పాటల మధ్య కూత వస్తోందట. శకుంతలమ్మ షాపులో గంటసేపు పాడించి చూసింది. ఏమీ రాలేదు. తీసుకుపోయాడు. రెండో రోజు మళ్లీ తెచ్చాడు. మళ్లీ ఏమీ రాలేదు. మూడోసారి రేడియోను బల్ల మీద ఎత్తేసినట్టు పెట్టి, "నీకు పని రాదని చెప్పమ్మా, పోయి మీ నాయన్ని పిలువు," అన్నాడు.

"రేడియో ఎత్తు," అంది ఆమె. "నీ కొట్లోనే సూస్తా పద."

టీకొట్టు బెంచీ మీద లారీ డ్రైవర్లు, కాయల దళారులు ఆరుగురు కూర్చుని ఉన్నారు. మునివెంకటప్ప రేడియో పెట్టాడు. పాట సగంలో ఉండగా "కూ" అంది. ఆ కూత ఆమెకు తెలిసిన కూత. నలభైసార్లు విన్న కూత. ఎండ వేడికి రేడియో ముల్లు మీద దాని జాగా జరిగి కడప స్టేషను మీదికి వచ్చి కూర్చుంది. అది అర్థమయ్యేలోపలే బెంచీ మీది వాళ్లు గొల్లున నవ్వారు.

"పోయిందిరా ఒకతె!"

"పొద్దున్నుంచి ఇది పదిహేడోది."

"ఉండండప్పా, వచ్చేటప్పుడు ఇంకోతూరి కూస్తాది. ఎంతసేపుంటాదో సూస్తాం."

"ఏం కూత అది?" అంది శకుంతలమ్మ.

ఒక దళారి నవ్వు ఆపుకోలేక చెప్పాడు. "ఫ్యాక్టరీలో ఆడోళ్లు ఒంటికి పోతే కూస్తాదమ్మా. కక్కూసు దోవలో మిషను పెట్టినారంట. మాకు టైము పాసు."

ఆమె రేడియో అందుకుని, బ్యాటరీలు నాలుగూ ఊడబెరికి రోడ్డు అవతలికి విసిరికొట్టింది. "ఏమ్మే, పిచ్చా నీకు?" అని మునివెంకటప్ప అరుస్తుంటే వినకుండా, రెండు మైళ్లు ఎండలో నడిచి ఊళ్లోకి వచ్చింది.

తిన్నగా వరసకు వదినయ్యే మునెమ్మ ఇంటికి పోయింది. మునెమ్మ అయిదేళ్లుగా ఆ ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి పోతోంది. సొన తగిలి ఆమె వేళ్లు ఎప్పుడూ నల్లగా పొక్కి ఉండేవి. ఆ రోజు పనికి పోలేదు. చాప మీద జ్వరంతో పడుకుని ఉంది.

"ఏమైంది వదినా?"

"ఒంటికి పోతే మంట. నెత్తురు పడతా ఉండాది," అంది మునెమ్మ గోడవైపు చూస్తూ. "రోజుకు రెండుసార్లే పోవల్లంట. మూడోసారి పోతే అరపూట కూలి లేదు. దోవలో ఏదో డబ్బా పెట్టినారు. మనం అడుగేస్తానే మేనేజరు రూములో కూస్తాదంట. మేస్త్రీ వచ్చి దోవ మొగదల నిలబడి, 'యాడికిమే, ఇది ఎన్నోసారి?' అని అందరి ముందరా అరుస్తాడు. దానికి బయపడి అందరం నీళ్లు తాగేది మానుకొన్నాం. గుజ్జు ఉడికే కాడ, ఆ సెగలో, నీళ్లు తాగకుండా ఎట్లుంటాం సెప్పు."

శకుంతలమ్మ కొంచెంసేపు గుమ్మం పట్టుకుని నిలబడింది. చెప్పకుండా వెళ్లిపోవచ్చు. మునెమ్మకు తెలియదు.

"ఆ డబ్బా నేను చేసినదే వదినా. దొంగల కోసమని చెప్పినారు."

మునెమ్మ మెల్లగా లేచి కూర్చుంది. "నీకు మాత్రం ఒంటికి రాదామే?" అంది. "దొంగలని చెప్తే నమ్మేస్తావా? ఎవరు దొంగలు? ఆ గోడలోపల మేం తప్ప ఎవరుండారు? పో. నా కండ్ల ముందర నిలబడాకు."

శకుంతలమ్మ తెల్లవారి ఎనిమిదింటికి షిఫ్టు గేటు తీయగానే కూలి ఆడవాళ్ల మధ్యన నడిచి లోపలికి పోయింది. తిన్నగా సుందరరాజు రూములోకే. బల్ల మీద రేడియో ఉంది, పక్కన గీతలు గీసిన నోటుబుక్కు ఉంది.

"దొంగలు దొరికినారా సార్?"

సుందరరాజు మొదట తడబడ్డాడు. తర్వాత సర్దుకున్నాడు. "పని ఎగ్గొట్టేది కూడా దొంగతనమే. చేసినావు, దుడ్లు తీసుకున్నావు, అయిపోయింది. నా మిషను నేను యాడైనా పెట్టుకొంటా."

"ఆడోళ్లు ఒంటికి పోయేది లారీవోళ్లు బెంచీ మీద కూసోని లెక్కపెడతా ఉండారు. నేను వద్దన్న తీగ నువ్వు పొడుగు చేసినావు. తీసేస్తావా, తియ్యవా?"

"అరవాకు." ఆయన ఫోను మీద చెయ్యి పెట్టాడు. "లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ చేసింది ఎవరు? మీ నాయన. పోలీసులకు చెప్తే ముసలోడు జైలుకు పోతాడు. పెన్షను కూడా పోతాది. కావల్నా?"

ఆ మాటతో ఆమె ఆగిపోతుందనుకున్నాడు. నిజంగానే ఒక్క నిమిషం ఆగింది. తండ్రి ముఖం కళ్ల ముందు మెదిలింది. ఆ వెంటనే, గోడవైపు తిరిగి పడుకున్న మునెమ్మ కూడా.

"పిలువు," అంది. "వచ్చేలోపల నా పని నేను చేసుకొంటా."

యార్డు దాటి, కాయలు కోసే షెడ్డు పక్కనుంచి మరుగుదొడ్ల దారిలోకి పోయింది. మేస్త్రీ అడ్డం వచ్చాడు. ఆమె చూపు చూసి పక్కకు జరిగాడు. గోడకు మేకులు కొట్టి బిగించిన డబ్బాను రెండు చేతులా పట్టుకుని పీకింది. రేకు కోసుకుని అరచెయ్యి చీరుకుపోయింది. పైనుంచి షెడ్డు కప్పు దాకా పాకించిన ఏరియల్ తీగ కూడా తెగి వచ్చింది. షెడ్డులో రెండు వందల మంది ఆడవాళ్లు కత్తులు పట్టుకుని నిలబడి చూస్తున్నారు. డబ్బా చంకన పెట్టుకుని ఆమె గేటు దాటింది.

సాయంత్రానికి పోలీసులు షాపుకొచ్చారు. డబ్బాతో పాటు కాయిళ్లు, మీటరు, ఐరన్, చివరికి చెడిపోయిన రేడియోలు కూడా జీపులో వేసుకుపోయారు. శకుంతలమ్మ నోరు నొప్పి పుట్టేదాకా మాట్లాడింది. కాయితాలు రాసేటాయన ఆమెను బయట నిలబడమని, ఆదిమూలంతో సంతకం పెట్టించుకున్నాడు. ఏం రాశారో ఆమెకు నెలరోజుల తర్వాత చిత్తూరు కోర్టు నుంచి సమన్లు వచ్చాకే తెలిసింది. ముద్దాయి ఆదిమూలం. లైసెన్సు లేని వైర్‌లెస్ పరికరం తయారుచేసినాడు. ఫ్యాక్టరీ వెనక గోడ దగ్గర దొరికింది. మరుగుదొడ్డి మాట అందులో లేనే లేదు. ఆమె పేరు కూడా లేదు.

"నాయనా, నువ్వెందుకు పెట్టినావు సంతకం?"

"ఆడమనిషి ఇవన్నీ యాడ చేస్తాది అని వాళ్లే అన్నారు పాపా. మంచిదే గదా అనుకొన్నా. నువ్వు బోనెక్కేది నేను సూడలేను."

"నేను చేసిన తప్పు నీకిచ్చేస్తే, ఆ తప్పు యాడ జరిగిందో చెప్పేదెవరు?" అని ఆమె కేక వేసింది. బస్టాండులో నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. కోపంతో మొదలుపెట్టిన కేక ఏడుపుగా తేలింది. అందుకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

వాయిదా రోజు తండ్రీకూతుళ్లు మొదటి బస్సులో చిత్తూరు పోయారు. కోర్టు వరండాలో మునెమ్మ కూర్చుని ఉంది. పక్కన ఇంకో ముగ్గురు ఫ్యాక్టరీ ఆడవాళ్లు. ఎవరూ పిలవలేదు, వాళ్లే వచ్చారు.

పేరు పిలిచారు. ఆదిమూలం బోనెక్కి, కటకటాలు పట్టుకుని, "నేనే చేసినాను సార్," అన్నాడు.

"అబద్ధం," అంది శకుంతలమ్మ జనం మధ్యనుంచి లేచి.

మేజిస్ట్రేటు కళ్లజోడు మీదుగా చూశాడు. "ఎవరమ్మా నువ్వు?"

"ఈయన కూతుర్ని. చేసింది నేను. ఆయన చేతులు సూడండి సార్. ఆ చేతులు వెంట్రుకంత తీగ అతకగలవా?"

గుమాస్తాలు నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. "నువ్వే చేశావని నమ్మేదెట్లా?"

"డబ్బా మూత తియ్యకముందే లోపల ఏముందో చెప్తా. తప్పయితే మా నాయన్నే శిక్షించండి."

చెప్పింది. మధ్యలో రేకు అడ్డం. ఎడమపక్క గొట్టంలో బిళ్ళ, రిలే, ఒక ట్రాన్సిస్టరు. కుడిపక్క ఎర్రతీగతో ఎనభై చుట్ల కాయిలు, రెండు ట్రాన్సిస్టర్లు. రేకుకు పడిన బెజ్జం దగ్గర రెండు కండెన్సర్లు, అందులో ఒకదాని కాలు విరిగితే తిరిగి అతికిన గుర్తు. బంట్రోతు మూత తీశాడు. ఆమె చెప్పినవి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాడు మేజిస్ట్రేటు. అతికిన కాలు దగ్గర వేలు ఆపాడు.

"ఎందుకు చేశావు దీన్ని?"

"దొంగల కోసమని సుందరరాజు మేనేజరు చెప్పినాడు. చేసినాను. అది తప్పే, శిక్ష వెయ్యండి. అయితే ఆ కాయితంలో రాసినట్టు ఇది వెనక గోడ కాడ దొరకలేదు సార్. ఆడోళ్ల కక్కూసు దోవలో ఉండింది. నేనే పీకినాను, ఈ చేత్తోనే. వాళ్లు ఒంటికి పోతే మేనేజరు రూములో కూసింది. ఎదురుగా టీకొట్లో కూడా కూసింది. మొగోళ్లు కూసోని లెక్కపెట్టినారు. వీళ్లు నీళ్లు తాగేది మానేసి జబ్బుపడినారు. కావాలంటే అడగండి, బయటే ఉండారు."

ఇందాక నవ్విన గుమాస్తా కాయితాల్లోకి తల దించుకున్నాడు. మేజిస్ట్రేటు సర్కారు వకీలును చూసి, "దీన్ని తయారుచేయించి వాడుకున్న మనిషి ఎక్కడ?" అని అడిగాడు. ఆమె చెప్పినదంతా గుమాస్తాను రాసుకోమన్నాడు. మునెమ్మను పిలిచి ఆమె మాట కూడా రాయించాడు. మునెమ్మ తక్కువే మాట్లాడింది. "నెత్తురు పడింది సామీ," అని మాత్రం రెండుసార్లు చెప్పింది.

ఇంకో మూడు వాయిదాలు పడ్డాయి. ఆదిమూలాన్ని వదిలేసి శకుంతలమ్మకు జరిమానా వేశారు. సుందరరాజుకు నోటీసు పోయింది. అది ఆయనకు చేరేలోపలే కంపెనీ ఆయన్ను ఇంకో రాష్ట్రానికి మార్చేసింది. అక్కడ ఏం చేస్తున్నాడో ఎవరికీ తెలియదు. ఫ్యాక్టరీలో నోటుబుక్కు కనిపించకుండా పోయింది, మేస్త్రీ ఆ దారిలో నిలబడడం మానేశాడు. అయితే సాక్ష్యం చెప్పిన నలుగురినీ మరుసటేడు పనిలోకి తీసుకోలేదు. ఆ మాట విన్న రోజు శకుంతలమ్మ ఫ్యాక్టరీ గేటు ముందు పొద్దు గుంకేదాకా నిలబడి తిట్టింది. లోపలినుంచి ఎవరూ బయటికి రాలేదు.

మొదటి వాయిదా నాడు తిరుగు బస్సులో జరిగిన సంగతి ఒకటుంది. బస్సు కిక్కిరిసి ఉంది. ఆదిమూలానికి ముందు సీటు దొరికింది. శకుంతలమ్మ వెనక కిటికీ పక్కన కూర్చుంది. కమ్మీ పట్టుకుని నిలబడ్డ మునెమ్మ చాలాసేపు ఆమె వైపు చూడలేదు. సగం దూరం పోయాక ఒక్క మాట అంది.

"నా కోపం పోలేదుమే."

"నాకు మాత్రం పోయిందా వదినా," అంది శకుంతలమ్మ.

"అయితే జరుగు. కాళ్లు పీకతా ఉండాయి."

ఆమె జరిగింది. ఇరుకు సీట్లో భుజాలు ఒరుసుకుంటూ, ఊరు వచ్చేదాకా ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు.